నల్లగొండ ఎండల్లో వరండాను మూయించుకోవడం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లలో వరండా ఏడాదిలో సగం రోజులు ఖాళీగానే ఉంటుంది. మార్చి నుంచి తొలకరి దాకా వడగాలి, ఆ తర్వాత అక్టోబరు వరకు ఏటవాలు జల్లు, దోమలు, ఏడాది పొడవునా కోతులు. అందుకే చాలామంది దాన్ని మూయించి గదిలా వాడుకోవాలనుకుంటున్నారు. ఆలోచన మంచిదే, చిక్కంతా నమూనా దగ్గరే. ఫోనులో కనిపించే అద్దాల గదులు చలిదేశాలవి. ఎండను లోపలికి పట్టి దాచుకోవడమే వాటి పని. అద్దం గుండా వచ్చిన ఎండ నేలను, సామాన్లను వేడెక్కిస్తుంది. అవి తిరిగి వెదజల్లే వేడి మాత్రం ఆ అద్దంలోంచి నేరుగా బయటికి పోలేదు. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఊళ్లో అలాంటి గదిలో మధ్యాహ్నం ఎవరూ కూర్చోలేరు. మనకు కావాల్సింది పైన గట్టి నీడ, పక్కల జాలీ, వాన కొట్టే వైపు మాత్రం తెరిచి మూయగలిగే అద్దం. పని కూడా ఈ వరసలోనే సాగాలి.

ముందు దిక్కులు చూడండి

మన జిల్లాలు సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. మే రెండో వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య రోజుల్లో కాస్త ఉత్తరానికి జరుగుతాడు. అంటే వేసవి మధ్యాహ్నం దక్షిణపు గోడ మీద ఎండ దాదాపు పడదు, ఎండంతా పైకప్పు మీదే. డిసెంబరులో మాత్రం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి, రెండడుగుల సజ్జ ఉన్నా దాని కింద రెండున్నర అడుగుల మేర మాత్రమే నీడ పడుతుంది. అక్కడి నుంచి కిందికి చలికాలపు ఎండ హాయిగా లోపలికి వస్తుంది. ఇంటి పెద్దలు పొద్దున పేపరు చదువుకోవడానికి దక్షిణం, తూర్పు వరండాలు బాగుంటాయి. పడమటి వరండా కష్టమైనది. సాయంత్రపు ఎండ వాలుగా వచ్చి సజ్జ కింద నుంచి దూరుతుంది, నైరుతి వానలు కొట్టేది కూడా ఎక్కువగా ఆ వైపే. పడమర తప్ప వేరే చోటు లేకపోతే అక్కడ అద్దం తగ్గించి, జాలీ ఇటుకలు గానీ, నడుము ఎత్తు గోడ గానీ పెట్టించండి.

వరండాలోకి ఏయే గదుల కిటికీలు తెరుచుకుంటున్నాయో కూడా చూడాలి. వంటగది పొగ, బాత్‌రూము తేమ ఇన్నాళ్లూ బయటికి పోయింది ఆ కిటికీల నుంచే. వరండాను బిగించేస్తే ఆ గదులకు గాలి ఆగిపోతుంది. వంటగది కిటికీ అటు ఉంటే ముందుగా ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను వేరే గోడకు మార్చండి. గీజరు గ్యాసుదైతే దాన్ని ఆ మూసిన చోట అసలు ఉంచకండి.

అనుమతి

ఉన్న వరండాకు జాలీ బిగించడం ఒక ఎత్తు, ఖాళీ జాగాలో కొత్తగా కప్పు వేయడం వేరొక ఎత్తు. 2012 నాటి 168 జీవో ప్రకారం ప్లాటు విస్తీర్ణాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఇంటి చుట్టూ కొంత స్థలం వదలాలి. ఆ స్థలం మీదికి కప్పు వస్తుందంటే మున్సిపాలిటీలో, ఊళ్లోనైతే పంచాయతీలో అడిగాకే ఇనుము కొనండి. పక్కింటి వారి వైపు నీళ్లు జారేలా చూరు పెట్టడం వల్ల మాటామాటా పెరిగే అవకాశం ఎక్కువ, అది కాగితాలతో తీరే సంగతి కాదు.

నేల, వాలు

జల్లు కొట్టినప్పుడు నీళ్లు బయటికి పోవాలంటే నేలకు మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. పదడుగుల వెడల్పుకు అది అంగుళం పైచిలుకు. మేస్త్రీ చూపుతో చెప్పే లెక్క నమ్మకుండా, నీళ్లు నింపిన గొట్టంతో ఎత్తు సరిచూసే ట్యూబ్ లెవెల్ పెట్టించండి. వరండా నేల ఇంటి లోపలి నేల కన్నా కనీసం రెండంగుళాలు కిందికి ఉంటే మంచిది. నేలకు తాండూరు బండలు చక్కగా సరిపోతాయి. నున్నగా మెరిసే టైల్సు మీద తడికాలు జారుతుంది.

కప్పు

మొత్తం ఖర్చులో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టమని నా సలహా. స్లాబు ఇప్పటికే ఉంటే దాని పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయిస్తే చాలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ వేడి సంగతి చూసే. కొత్తగా కప్పు వేయాల్సి వస్తే మధ్యలో ఫోమ్ ఉన్న పఫ్ ప్యానెళ్లు మేలు. వట్టి ఇనుప రేకు వేస్తే కింద తప్పకుండా సీలింగ్ ఉండాలి, రేకుకూ సీలింగుకూ మధ్య గాలి ఆడే సందు ఉండాలి. మంగళూరు పెంకులు చల్లగా, అందంగా ఉంటాయి కానీ కోతులున్న వీధిలో వాటిని సర్దుతూనే ఉండాలి.

పాలికార్బొనేట్ షీటు చవక, వెలుతురు బాగా వస్తుంది, అందుకే అందరూ దాని వైపు మొగ్గుతారు. కప్పంతా దానితో వేయకండి. ఒకటి రెండు పట్టీలు వెలుతురు కోసం పెట్టుకోండి. అది ఎండకు బాగా సాగే వస్తువు. మూడు మీటర్ల షీటు, వేడి 40 డిగ్రీలు మారితే, సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్క్రూ లావుకు సరిగ్గా బెజ్జం వేస్తే షీటు ఉబ్బి, ఆ బెజ్జం దగ్గరే చీలుతుంది. బెజ్జం పెద్దదిగా వేసి రబ్బరు వాషరుతో బిగించాలి. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పూత ఒక్క వైపే ఉన్న షీటైతే ఆ ముఖం ఆకాశం వైపు ఉండాలి. పైనున్న ప్లాస్టిక్ పొర మీద ఆ సంగతి రాసి ఉంటుంది, బిగించే ముందు మీరే చదవండి. పైకప్పులో అద్దమే కావాలంటే పొరల మధ్య అంటుపొర ఉన్న లామినేటెడ్ అద్దం వాడాలి. వేడి చేసి గట్టిపరిచిన టఫెన్డ్ అద్దం ఒక్కటే అయితే పగిలినప్పుడు గింజల్లా నెత్తిన రాలుతుంది. వేసవిలో వడగళ్లు పడే ప్రాంతమని మరచిపోకూడదు.

గాలివానకు కప్పు ఎగిరేది పై నుంచి కొట్టే గాలి వల్ల మాత్రమే కాదు. మూడు వైపులా మూసి ఒక వైపు తెరిచిన చోట గాలి లోపలికి దూరి కప్పును కింద నుంచి ఎత్తుతుంది. కాబట్టి స్తంభాల పునాదులు, బోల్టులు ఎత్తే బలాన్ని ఆపేలా ఉండాలి. పర్లిన్లను, అంటే రేకును మోసే అడ్డ కమ్మీలను, ఇటుక పిట్టగోడకు తగిలించి ఊరుకోవద్దు, కాంక్రీటు బీముకు గానీ పిల్లరుకు గానీ యాంకర్ బోల్టులతో బిగించాలి.

కప్పు, గోడ కలిసే చోటు

కారే వరండాల్లో ఎక్కువ ఇక్కడే కారతాయి. వెల్డింగ్ చేసేవారు రేకును గోడకు ఆనించి సందులో సిమెంటు మెత్తి వెళ్లిపోతారు. రేకు ఎండకు సాగుతుంది, సిమెంటు సాగదు. మొదటి వేసవి దాటేసరికి పగులు వస్తుంది. సరైన పద్ధతి ఇది. రేకు పైన ఆరంగుళాల ఎత్తులో గోడకు కట్టర్‌తో అంగుళం లోతు గాడి కొట్టించండి. అల్యూమినియం పట్టీ ఒక అంచును ఆ గాడిలోకి వంచి దూర్చి, రెండో అంచు రేకు మీదికి ఆరంగుళాలు వాలేలా ఉంచండి. గాడిని సీలెంట్‌తో నింపండి. సీలెంట్ కొనేటప్పుడు న్యూట్రల్ సిలికాన్ అని అడగండి. వెనిగర్ వాసన వచ్చే రకం సిమెంటును సరిగా పట్టదు, లోహాన్ని తింటుంది. పట్టీని రేకుకు స్క్రూలతో బిగించకూడదు. దాని కింద రేకు జరగడానికి వీలుండాలి.

చట్రం

ఇనుప పైపు చట్రం తుప్పు పట్టేది చాలాసార్లు లోపలి నుంచే. పైపు నోరు మూయకపోతే నీరు దిగి అడుగున నిలుస్తుంది, కాబట్టి ప్రతి కొసనూ మూసి వెల్డింగ్ చేయించండి. స్తంభాన్ని గచ్చులో పూడ్చవద్దు. నేల కన్నా రెండంగుళాలు ఎత్తైన దిమ్మె మీద ప్లేటు వేసి నిలబెట్టాలి. వెల్డింగ్ గింజలను గ్రైండ్ చేసి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ పూయాలి. మన ప్రాంతంలో గ్రానైటుకు కొదవ లేదు. పశువుల కొట్టాలకు, కంచెలకు వాడే రాతి కడీలనే కాస్త చెక్కించి స్తంభాలుగా నిలిపితే తుప్పు బెడద ఉండదు, వరండాకు ఒక నిండుదనం వస్తుంది.

జాలీ, అద్దం, నీడ

గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు నుంచి పోవాలి. ఎదురెదురుగా తెరిచే చోట్లు లేకపోతే కప్పు కిందే, పొడుగునా ఒక అడుగు ఎత్తు జాలీ పట్టీ వదలండి. వేడి గాలి పైకి చేరి అక్కడి నుంచి పోతుంది. దోమల జాలీ స్టీలుదే వేయించండి. ఫైబరు జాలీని కోతులు చింపుతాయి, ఎలుకలు కొరుకుతాయి. జాలీ వెలుపల గ్రిల్లు కూడా ఉండాలి.

వాన వైపు జారే తలుపులు పెడితే కింది పట్టాలో నీరు నిలవకుండా బయటికి చిన్న రంధ్రాలు ఉంటాయి. సందులు పూడ్చే ఉత్సాహంలో పనివారు వాటిని కూడా సిలికాన్‌తో మూసేస్తుంటారు, దగ్గరుండి ఆపండి. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయడం, బెజ్జం వేయడం కుదరదు. చట్రం నిలిచాకే కొలతలు ఇవ్వండి.

ఎండను ఆపే తెర అద్దానికి వెలుపల ఉంటేనే పూర్తి ఫలితం. లోపల పరదా వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. వెదురు తడకలు, వట్టివేళ్ల తెరలు బయట వేలాడదీయండి. ఇక్కడి పొడి వేసవిలో వట్టివేళ్ల మీద నీళ్లు చల్లితే గాలి నిజంగా చల్లబడుతుంది.

సముద్రం దగ్గర కట్టేవారికి

నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నం దాకా పోతుంది. దారి ఒకటే అయినా ఆ చివర ఇంటికి ఈ లెక్కలు సరిపోవు. గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి తడిపిన తెరలు పెద్దగా పని చేయవు. మూసి ఉంచిన గదిలో బూజు పడుతుంది, రాత్రి కూడా గాలి ఆడాలి. ఉప్పుగాలికి 304 రకం స్టీలు మీద కూడా మరకలు పడతాయి, స్క్రూలూ జాలీలూ 316 రకానివి కావాలి. ఇనుప చట్రం కన్నా యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ గానీ మంచి పూత వేసిన అల్యూమినియం గానీ నయం. బోల్టులు తుఫానును తట్టుకునే బలంతో ఉండాలి.

డబ్బు చివరి విడత ఇచ్చే ముందు

తొలకరి దాకా ఆగకుండా పైపుతో పరీక్షించండి. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. ముందు తలుపు పట్టా, తర్వాత చట్రం అతుకులు, ఆఖరున కప్పు, గోడ కలిసే చోటు. ఒక్కో చోట పది నిమిషాలు నీళ్లు పట్టాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లన్నీ కిందికి జారి, కారేది ఎక్కడో తెలియదు. ఇంకొకరు లోపల టార్చితో చూస్తూ, తడి కనిపించిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయాలి. పరీక్ష అయ్యాక అద్దాలను వెంటనే పొడిబట్టతో తుడవండి. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి, అలాగే ఆరనిస్తే తెల్లమరకలు పట్టి తర్వాత ఎంత రుద్దినా వదలవు.