కెమెరా పాఠాలు – 6: ఆకాశంలో ఆ చుక్కలేంటి?

పోయిన పాఠంలో ఒకే చెట్టును ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుంది) మారుస్తూ ఐదుసార్లు తీయమన్నాను కదా. అందులో ఎఫ్/16 ఫోటో తెరిచి, ఆకాశం ఉన్నచోట బాగా జూమ్ చేసి చూడండి. బూడిదరంగులో, అంచులు మసకబారిన చిన్న చుక్కలు ఉన్నాయా? ఎఫ్/4 ఫోటోలో అవే చుక్కలు మాయమయ్యాయా? అయితే లెన్స్ పోయిందని టెన్షన్ పడకండి, అది సెన్సర్ (కెమెరా లోపల బొమ్మను పట్టే పలక) మీద దుమ్ము.

నిజానికి దుమ్ము కూర్చునేది సెన్సర్ ముందుండే పలుచని గాజు ఫిల్టర్ మీద. ఎపర్చర్ బాగా తెరిస్తే వెలుగు నలువైపుల నుంచీ పడుతుంది, దుమ్ము నీడ చెదిరిపోతుంది. సన్నటి రంధ్రంలోంచి వస్తే నీడ గట్టిగా పడుతుంది. ట్యూబ్‌లైటు కింద చెయ్యి పెడితే నీడ మసగ్గా, టార్చిలైటు ముందు పెడితే స్పష్టంగా వస్తుంది చూడండి, అదే ఇక్కడ జరిగేది.

నాకిది 2024 మేడారం జాతరలో తెలిసొచ్చింది. గద్దెల దగ్గర జనం కాళ్లకింద దుమ్ము లేస్తుంటే అక్కడే నిలబడి లెన్స్ మార్చాను, పది సెకన్లు పట్టిందేమో. ఆ తర్వాత జంపన్నవాగు దగ్గర తీసిన ప్రతి ఫోటోలో ఆకాశం కుడిమూల, ఒకేచోట మూడు చుక్కలు! ఒక్కో ఫోటోలో వాటిని చెరుపుతూ రెండు రాత్రులు కూర్చున్నాను. అప్పటి నుంచి జాతరకైనా పెళ్లికైనా ఒకే లెన్స్ బిగించుకుని వెళ్తున్నాను, మార్చక తప్పకపోతే కారులో కూర్చుని, కెమెరా ఆపేసి, మూతి కిందికి ఉంచి మారుస్తాను.

ముందు పరీక్ష. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, ఎఫ్/16 పెట్టి, మాన్యువల్ ఫోకస్‌ను దూరానికి తిప్పేసి, దగ్గర్నుంచి తెల్లగోడను తీయండి. షట్టర్ ఒక సెకను పట్టినా, చెయ్యి కదిలినా పర్వాలేదు, గోడ గరుకు చెదిరిపోతే దుమ్ము మాత్రమే మిగులుతుంది. వేరే లెన్స్‌తో తీసినా చుక్కలు అక్కడే ఉంటే తప్పు సెన్సర్‌దే. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో కనిపించి ఫోటోలో రాని మచ్చల జోలికి మాత్రం పోకండి, అవి సెన్సర్ మీదివి కావు.

ఇక శుభ్రం చేయడం. మెనూలో సెన్సర్ క్లీనింగ్ రెండుమూడుసార్లు నడపండి, చాలాసార్లు దాంతోనే పోతుంది. పోకపోతే బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ చేసి (డీఎస్ఎల్ఆర్ అయితే మధ్యలో బ్యాటరీ ఖాళీ అయితే అద్దం కిందికి పడిపోతుంది), మాన్యువల్ క్లీనింగ్ మోడ్‌లో అద్దం లేపి, లెన్స్ తీసి, కెమెరాను బోర్లా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. బ్లోయర్ ముక్కు లోపలికి దూర్చొద్దు. ఫోటోలో పైన ఎడమవైపున్న చుక్క, ముందు నుంచి చూస్తే సెన్సర్ కింది ఎడమమూల ఉంటుంది, ఎందుకంటే లెన్స్ బొమ్మను తలకిందులు చేస్తుంది కాబట్టి. నోటితో మాత్రం ఎప్పుడూ ఊదొద్దు, తుంపర్లు పడి ఎండితే దుమ్ముకంటే మొండిగా అంటుకుంటాయి. దూది పుల్లలు, గాలి స్ప్రే డబ్బాలు కూడా వద్దు.

అప్పటికీ పోని జిడ్డు మరకకు స్వాబ్ (సెన్సర్ తుడవడానికే చేసిన పుల్ల) వాడాలి. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్‌కు 16 మి.మీ., ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్‌కు 24 మి.మీ. వెడల్పున్నది కొనండి. రెండు చుక్కల సెన్సర్ క్లీనింగ్ ద్రవం వేసి, ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కసారి, తిప్పి రెండోవైపుతో వెనక్కి ఒక్కసారి, అంతే. చెయ్యి వణుకుతుందనిపిస్తే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.

ఈ వారం తెల్లగోడ పరీక్ష చేసి ఆ ఫోటో దాచుకోండి. అదే గోడను ఎఫ్/8లో తీస్తే చుక్కలేవీ కనిపించకపోతే సెన్సర్‌ను ముట్టుకోకండి. వచ్చే పాఠంలో వానాకాలం లెన్స్‌లో పెరిగే ఫంగస్ గురించి.