వైద్యసేవల్లో ఉన్నవారు డ్యూటీ మధ్యలో ధ్యానాన్ని ఎలా అలవాటు చేసుకోవాలి?

ఉదయగిరి, వింజమూరు, కనిగిరి వైపుల నుంచి తొలి బస్సుకు బయలుదేరి నెల్లూరు ఆసుపత్రులకు వచ్చేవారు, పరీక్షలన్నీ ముగించుకొని చీకటి పడేలోగా ఊరు చేరుకోవాలన్న ఆత్రంతో ఉంటారు. ఆ ఆత్రమంతా ముందుగా తాకేది నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు, ల్యాబులో రక్తం తీసేవారికి. ఇలాంటి పనిలో ఉన్నవారికి రోజూ గంటసేపు ధ్యానం చేయమని చెప్పి ప్రయోజనం లేదని, ఏళ్ల తరబడి వార్డులో పనిచేసిన నర్సుగా నాకు తెలుసు. మన ధ్యానం డ్యూటీలోనే ఇమడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను జబ్బుగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా పేర్కొంది. తీవ్రమైన అలసట, పని మీద విముఖత, తన పనితనం మీద తనకే నమ్మకం తగ్గడం దాని లక్షణాలు. వీటిలో విముఖతను మనం చాలా ఆలస్యంగా గుర్తిస్తాం. ఒక రాత్రి వార్డులో ఒక ముసలాయన చనిపోయిన పది నిమిషాలకే నేను పక్క మంచం దగ్గరికి వెళ్లవలసి వచ్చింది. సెలైన్ అయిపోవచ్చిందని చెప్పిన ఆ పేషెంటు కూతురిని "చూస్తున్నాంలే, ఆగమ్మా" అని కసిరాను. ఆ అమ్మాయి బదులు చెప్పకుండా, తండ్రి కాళ్ల మీద దుప్పటి సర్దుతూ నిలబడిపోయింది. నా మనసు ఇంకా ముందటి మంచం దగ్గరే ఉండిపోయిందని తెల్లవారాక గానీ నాకు అర్థం కాలేదు.

మొదట ఇంట్లో కూర్చోవడం నేర్చుకోవాలి

షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి గడియారాన్ని బట్టి కాకుండా డ్యూటీని బట్టి వేళ పెట్టుకోండి. యూనిఫాం వేసుకోవడానికి ముందు ఐదు నిమిషాలు చాలు. రెండో వారం నుంచి పది నిమిషాలకు పెంచవచ్చు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన ఉదయం మాత్రం ధ్యానం జోలికి వెళ్లకుండా నిద్రపోండి. ఎండాకాలంలో ఇంట్లో ఉక్కపోస్తే, పొద్దు పొడవకముందే మిద్దె మీద కూర్చోవచ్చు. పద్మాసనం అక్కరలేదు. కుర్చీలో నడుము నిలిపి, పాదాలు నేలకు ఆనించి, ముక్కు దగ్గర గాలి తాకిడిని గమనిస్తూ, వదిలిన ప్రతి శ్వాసకు ఒకటి చొప్పున పది వరకు లెక్కపెట్టండి. పీల్చేటప్పటికన్నా వదిలేటప్పుడు కాస్త ఎక్కువసేపు తీసుకోండి. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం వల్ల గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. నాలుగో లెక్కకే మనసు కేస్ షీట్ల మీదికో, పిల్లల ఫీజుల మీదికో పోతుంది. పోయిందని గుర్తించి మళ్లీ ఒకటి దగ్గరికి రావడమే అభ్యాసం, అది వైఫల్యం కాదు.

1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ రోగుల కోసం ప్రారంభించిన ధ్యాన శిక్షణ ఎనిమిది వారాలు సాగుతుంది. మీరు కూడా ఫలితం గురించి ఆలోచించే ముందు మీకు అంత గడువు ఇచ్చుకోండి.

తరువాత కుళాయి దగ్గర

నాకు అన్నిటికన్నా మేలు చేసింది ఇదే. సబ్బుతో చేతులు కడుక్కోవడానికి 40 నుంచి 60 సెకన్లు, నీళ్లు లేకుండా చేతులకు రుద్దుకునే హ్యాండ్ రబ్‌కు 20 నుంచి 30 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎలాగూ తప్పని ఆ నిమిషాన్ని ధ్యానంగా మార్చుకోవాలి. నీళ్ల చల్లదనాన్ని, వేళ్ల సందుల్లో నురగను గమనిస్తూ, ఇప్పుడే చూసివచ్చిన పేషెంటును ఒకసారి తలచుకొని ఒక దీర్ఘశ్వాస వదలండి. చేతులు తుడుచుకునేటప్పుడు తరువాతి పేషెంటు పేరును మనసులో అనుకోండి. "పన్నెండో బెడ్" అని కాదు, పేరే అనుకోవాలి. ఆ పేరుతోనే మంచం దగ్గరికి వెళ్తే, చూపు ముందు మనిషి మీద పడి ఆ తరువాతే సెలైన్ బాటిల్ మీదికి వెళ్తుంది.

డ్యూటీ అప్పగించాక మూడు వాక్యాలు

ఇంటికి బయలుదేరే ముందు ఒక చిన్న నోటుపుస్తకంలో ఈ రోజు నన్ను కదిలించిందేమిటి, అప్పుడు నా ఒంట్లో ఏమనిపించింది, రేపు ఏం మార్చుకోవాలి అన్నవి రాసుకోండి. పేషెంట్ల పేర్లు గానీ వివరాలు గానీ అందులో ఉండకూడదు. నెల తరువాత నేను నా పుస్తకం తిరగేస్తే, విసుక్కున్న రోజుల్లో చాలావరకు మధ్యాహ్నం అన్నం తినని రోజులేనని తేలింది. దానికి ధ్యానం మందు కాదు. అందువల్ల భోజనానికి వంతులు వేయమని ఇన్‌ఛార్జి సిస్టర్‌ను అడిగాను. సిబ్బంది చాలని చోట ఓర్చుకుపోవడానికి ధ్యానాన్ని వాడుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

కళ్లు మూసుకోగానే చూసిన మరణాలు కళ్ల ముందుకు వస్తుంటే వెంటనే కళ్లు తెరిచి, పాదాల కింది నేలను గమనించండి, లేదా లేచి నడవండి. అది తగ్గకపోయినా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా మానసిక వైద్యుణ్ని కలవాలి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయవచ్చు.

ఇతరులకు నేర్పడం చివరి మెట్టు. బీపీ మాత్రలు మానమని ఎవరికీ చెప్పకూడదు, ఆయాసం ఉన్నవారిచేత ఊపిరి బిగబట్టించకూడదు. ఇంజెక్షన్‌కు భయపడే పెద్దవారి దగ్గర నేను ధ్యానమన్న మాటే ఎత్తను. "గాలి మెల్లగా వదలండి పెద్దాయనా, మీరు వదిలేటప్పుడే సూది వేస్తాను" అని చెప్పి, ఆయనతో పాటు నేనూ వదులుతాను.