వేల్స్ పూర్వీకుల జాడ – మూడో పాఠం: పేరు వదలండి, ఇల్లు పట్టుకోండి

పోయిన పాఠంలో 1841 నుంచి పదేళ్లకోసారి తీసిన జనాభా లెక్కల్లో ఒక కుటుంబాన్ని ఎలా వెతకాలో చూశాం. ఈసారి ఆ ఇంట్లోంచి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన అబ్బాయి వెంట నడుద్దాం.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. వేల్స్‌లో చాలాకాలం స్థిరమైన ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరే కొడుకు పేరు వెనక చేరేది. 'అప్' లేదా 'అబ్' అంటే కొడుకు. అప్ హవెల్ కాలక్రమంలో పవెల్ అయింది, అబ్ ఓవెన్ బోవెన్ అయింది, అప్ రీస్ ప్రైస్ అయింది. మిగిలినవాళ్లలో చాలామంది జోన్స్, డేవిస్, ఎవాన్స్, విలియమ్స్ దగ్గర స్థిరపడ్డారు. అందుకే ఒకే ఊళ్లో ఒకే పేరుతో, ఒకే వయసులో నలుగురైదుగురు కనిపిస్తారు.

నేను మొదట్లో ఒక డేవిడ్ ఎవాన్స్ వెనక ఆరు నెలలు తిరిగాను. పుట్టిన ఏడు కలిసింది, జిల్లా కలిసింది, రెజిమెంటూ కలిసింది. తీరా చూస్తే ఆయనది పక్క లోయ, మా అత్తగారి వంశానికి ఏ సంబంధమూ లేదు. ఇంటి పేరు ఒక్కటి ముందే చూసుకుని ఉంటే ఆ ఆరు నెలలు మిగిలేవి.

ఇంటి పేరంటే అక్కడ అక్షరాలా ఇంటి పేరే. పొలానికీ, అందులో ఉన్న ఇంటికీ కలిపి ఒక పేరుంటుంది. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల నుంచి వచ్చినట్టే, అక్కడ ఊరివాళ్లు మనిషిని పొలం పేరుతో గుర్తుపెట్టుకుంటారు. జనాభా లెక్కల్లో చిరునామా గడిలో ఉండేది చాలాసార్లు అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎల్లిస్ హంఫ్రీ ఎవాన్స్ అనే గొర్రెల కాపరి, కవి. కలం పేరు హెద్ విన్. (ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు డీలు పక్కపక్కన ఉంటే వేల్స్ భాష అయిన వెల్ష్‌లో 'ద'కి దగ్గరగా పలుకుతారు. ఇది గుర్తుంచుకుంటే పాత కాగితాల్లో స్పెల్లింగు తేడాలు అర్థమవుతాయి.) 1887 జనవరిలో ట్రౌస్‌వనిద్ అనే ఊళ్లో పుట్టాడు. నెలల బిడ్డగా ఉన్నప్పుడే కుటుంబం అర్ అస్గుర్న్ అనే పొలానికి మారింది. ఉత్తర వేల్స్‌లో ఎవాన్స్‌లు కోకొల్లలు, అర్ అస్గుర్న్ ఎవాన్స్‌లు మాత్రం ఒక్క కుటుంబమే. 1891 నుంచి వేల్స్ జనాభా లెక్కల్లో ఏ భాష మాట్లాడతారో కూడా అడిగారు. పేర్లు కలిసిపోయిన ఇద్దరిని విడదీయడానికి ఆ గడి కూడా పనికొస్తుంది.

ఇప్పుడు సైన్యం రికార్డులు. ఇక్కడ ఒక చేదు నిజం ముందే చెప్పాలి. 1940 సెప్టెంబరులో లండన్ మీద బాంబులు పడినప్పుడు మొదటి యుద్ధం సైనికుల సర్వీసు కాగితాల్లో సగానికి పైగా కాలిపోయాయి. మిగిలినవాటిలో అంచులు మాడినవి, నీళ్లకు అలుక్కుపోయినవి ఎన్నో. మీ మనిషి ఫైలు దొరక్కపోతే నిరుత్సాహపడకండి. అతను విదేశానికి వెళ్లి ఉంటే పతకం కార్డు (అతనికి రావాల్సిన యుద్ధ పతకాల వివరాలు రాసిన కార్డు) ఉండే అవకాశం ఎక్కువ. అందులో సర్వీసు నంబరు ఉంటుంది.

ఆ నంబరుని రెజిమెంటుతో కలిపే రాసుకోండి. అప్పట్లో ఒకే నంబరు వేర్వేరు రెజిమెంట్లలో వేర్వేరు మనుషులకు ఉండేది. రెజిమెంటు మారితే నంబరూ మారేది. టెరిటోరియల్ దళాల (పార్ట్‌టైమ్ సైనికుల దళాల) వాళ్లకు 1917లో కొత్త నంబర్లే ఇచ్చారు. హెద్ విన్ నంబరు 61117, రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్, 15వ బెటాలియన్. ఈ రెజిమెంటు పేరులో 'వెల్ష్'ని ఎస్‌తోనూ, సీతోనూ రాశారు. రెండు రకాలుగానూ వెతకండి.

1917 జూలై 31న బెల్జియంలో పిల్కెమ్ గుట్ట దగ్గర ఆయన చనిపోయాడు. తమ్ముడు వెళ్లాల్సి రాకూడదని తాను సైన్యంలో చేరిన మనిషి. కొన్ని వారాలకే, సెప్టెంబరులో బర్కెన్‌హెడ్ కవితోత్సవంలో గెలిచిన కవిగా, ఆయన ఆ పోటీకి పెట్టుకున్న మారుపేరు పిలిచారు. గెలిచిన కవికి బహుమతిగా ఇచ్చే కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు. ఆయన కాగితాలు వెతుకుతున్నప్పుడు ఈ చోట నేను ఎప్పుడూ కాసేపు ఆగిపోతాను. ఆర్టిలరీ వుడ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఇలా చనిపోయినవారి సమాచారం కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ దగ్గర ఉచితంగా దొరుకుతుంది. కొందరి పేర్ల పక్కన తల్లిదండ్రుల పేర్లూ ఊరూ కూడా రాసి ఉంటాయి. మన ఇంటి లంకె తిరిగి కలిసేది అక్కడే.

బెటాలియన్ డైరీలు లండన్‌లో క్యూ అనే ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో మామూలు సైనికుల పేర్లు అరుదు, ఆ రోజు దళం ఎక్కడ ఉందో తెలుస్తుంది.

పేరు కావాలంటే స్థానిక పత్రికలే దిక్కు. అబెరిస్ట్‌విత్‌లోని వేల్స్ నేషనల్ లైబ్రరీ 1919 వరకు ఉన్న పాత పత్రికల్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. వెతికేటప్పుడు ఒక చిక్కుంది. అన్న, తమ్ములు కలిస్తే మనకు అన్నదమ్ములు అయినట్టు, వెల్ష్‌లోనూ ముందు మాటను బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మారుతుంది. 'ట్రౌస్‌వనిద్ నుంచి' అంటే 'ఓ డ్రౌస్‌వనిద్'. 'ట్రౌస్‌వనిద్‌లో' అనాలంటే మొదటి టీ పోయి ఎన్, హెచ్ వస్తాయి. ఒక్క స్పెల్లింగుతో వెతికి 'ఏమీ లేదు' అనుకుంటే మీ మనిషి పక్క పేజీలోనే ఉండిపోతాడు.

సికింద్రాబాద్‌తో సంబంధం ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్లకు ఒక మాట. తిరుమలగిరి కంటోన్మెంట్‌లో ఉన్న బ్రిటిష్ సైనికుల పెళ్లిళ్లు, పిల్లల బాప్టిజాలు, ఖననాల వివరాల నకళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కల్లో లండన్ చేరేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1911 జనాభా లెక్కల్లో విదేశాల్లో ఉన్న సైనికుల్నీ లెక్కపెట్టారు, అదీ చూడండి.

ఈ వారం అభ్యాసం: మీ కుటుంబంలో ఒక్క మనిషినే ఎంచుకోండి. కాగితం మీద పేరు చివర్లో రాయండి. పైన పొలం పేరు, దాని కింద ఊరు, దాని కింద రెజిమెంటూ నంబరూ. ఊరి పేరుని మూడు స్పెల్లింగుల్లో రాసుకుని పత్రికల్లో వెతకండి. వచ్చే పాఠంలో చాపెల్ (ప్రార్థనా మందిరం) రిజిస్టర్లు తెరుద్దాం, ఈ కాగితం అప్పుడు కావాలి.