నిర్మాణ పనికి జాయింట్ వెంచర్ (కాంట్రాక్టర్లు కలిసి ఒకే పని తీసుకోవడం): సంతకానికి ముందు జాగ్రత్తలు

• అన్నిటికన్నా ముందు బాధ్యత సంగతి తేల్చుకోండి. ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య) 1999 కాంట్రాక్టు షరతుల్లో 1.14 క్లాజు ప్రకారం భాగస్వాములు ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులే. మీ వాటా 30 శాతమే అయినా, అవతలివాళ్లు చేతులెత్తేస్తే మొత్తం పని మీ నెత్తిన పడుతుంది. పని ఇచ్చినవారి అనుమతి లేకుండా భాగస్వామిని మార్చడానికీ వీల్లేదు. అందుకే బ్యాలెన్స్ షీటుతో సరిపెట్టుకోకండి. వాళ్ల చేతిలో ఉన్న మిగతా పనులు, కోర్టు కేసులు కూడా చూడండి.

• ఉమ్మడి ఖాతాకు ఇద్దరి సంతకాలూ ఉండాల్సిందే. బిల్లు ఆలస్యమైన నెలలో కూలీల డబ్బు ఎవరు పెడతారు? పెట్టకపోతే వడ్డీ ఎంత? నా దృష్టిలో స్నేహాలు చెడేది ఇక్కడే.

• పని పంచుకుంటే హద్దులు డ్రాయింగ్ మీదే గీయండి. ఒకరు పునాది, ఇంకొకరు పిల్లర్లు వేస్తున్నారనుకోండి. పునాదిలోంచి పైకి వదిలిన కడ్డీలు పక్కకు జరిగి ఉంటే సరిచేసే ఖర్చు ఎవరిది?

• లీడ్ పార్ట్‌నర్ (అందరి తరఫున ముందుండి నడిపే భాగస్వామి) ఒక్కరే ఎంతవరకు నిర్ణయించవచ్చో రాయండి.

• వాటాలు సగం సగమైతే, మాట కుదరనప్పుడు తేల్చే మూడో వ్యక్తిని ముందే ఒప్పుకోండి.

• పని అప్పగించాక డిఫెక్ట్ లయబిలిటీ కాలంలో (లోపాలు బయటపడితే మనమే సరిచేయాల్సిన గడువులో) రిపేర్లకు మనుషుల్ని ఎవరు పంపాలో, బ్యాంకు గ్యారంటీలు అప్పటిదాకా ఎవరు నడపాలో కూడా ఒప్పందంలో ఉండాలి.