బేసిన్ బ్రిడ్జిలో రైలు లైను మారడం ఎలా గమనించాలి

చెన్నై సెంట్రల్‌లో ఊరికి రైలెక్కారా? కదలగానే ఫోన్ తీయకండి, కాసేపట్లోనే బేసిన్ బ్రిడ్జి వస్తుంది, గూడూరు లైనూ అరక్కోణం లైనూ విడిపోయేది అక్కడే. కిటికీ సీటు చాలు, తలుపు దగ్గర వేలాడక్కర్లేదు.

మీ రైలు కింద ఏం జరుగుతోందో మీకు కనపడదు కాబట్టి పక్క లైను చూడండి. లైను చీలేచోట, అంటే పాయింటు దగ్గర, రెండు కదిలే పట్టాలుంటాయి, కొస కత్తి అంచులా సన్నగా చెక్కి ఉంటుంది. ఒకటి పక్కనున్న పట్టాకి అతుక్కుని, రెండోది ఎడంగా ఉంటుంది. అతుక్కున్నది ఎటువైపో చూస్తే రైలు ఎటు తిరుగుతుందో చెప్పేయొచ్చు. వాటిని జరిపేది పట్టాల పక్కనుండే పాయింట్ మెషీన్, అంటే మోటారున్న ఇనప పెట్టె.

జరపడం తేలికే, అసలు పని తాళం వేయడం. కొస దగ్గర 5 మిల్లీమీటర్ల అడ్డు పెట్టి పరీక్షిస్తారు, ఆ మాత్రం సందున్నా తాళం పడకూడదు, తాళం పడ్డట్టు రుజువు రాకపోతే ఇంటర్‌లాకింగ్, అంటే పాయింట్లనీ సిగ్నళ్ళనీ ముడిపెట్టే ఏర్పాటు, సిగ్నల్ ఇవ్వదు. సిగ్నల్ ఇచ్చాక, రైలు పాయింటు మీదున్నంతసేపూ ఎవరు బటన్ నొక్కినా అది కదలదు. (నాకైతే డ్రైవర్ చేతిలో స్టీరింగ్ లేకపోవడమే ఇందులో గొప్ప సంగతి.)

సిగ్నల్ పైన వాలుగా అయిదు తెల్ల దీపాల వరస వెలిగితే రైలు ఆ పక్కకి మళ్ళుతుంది, కొన్నిచోట్ల దీపాలకి బదులు అంకె కనిపిస్తుంది. పట్టాలు ఒకదాన్నొకటి దాటేచోట సందుంటుంది, ఆ టకటక చప్పుడు దానిదే. చక్రం అక్కడ దారి తప్పకుండా ఎదుటి పట్టా పక్కన చెక్ రైల్ అనే అదనపు పట్టా ముక్క పట్టుకుంటుంది.