మిరప, టమాటా క్రాస్ చేసే ముందు: పువ్వు దగ్గరా, ఎరువు దగ్గరా జాగ్రత్తలు

కుండీల్లో మిరప, టమాటా పెంచుతూ మిరపలోనే రెండు రకాలో, టమాటాలోనే రెండు రకాలో కలిపి (క్రాస్ చేసి) తమదంటూ ఒక రకం చేద్దామని మొదలుపెట్టేవాళ్లకి పువ్వు దగ్గర చెయ్యి వణుకుతుందేమోనని టెన్షన్. నన్నడిగితే అసలు భయపడాల్సింది ఎరువు డబ్బాకి. పువ్వు పాడైతే రేపు ఇంకో పువ్వు వస్తుంది. ఎరువు ఎక్కువైతే మాత్రం తల్లి మొక్కే పోతుంది, దాని మీద వేలాడుతున్న క్రాస్ కాయ కూడా దాంతోపాటే పోతుంది. క్రాస్ చేసిన పువ్వు కాయై, బాగా పండి, గింజ ముదరడానికి సుమారు నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది, అన్నాళ్లూ మొక్క నిలకడగా ఉండాలి కాబట్టి పూత రాకముందే కుండీ, మట్టి, ఎరువు అన్నీ సిద్ధం చేసుకోండి.

ఎండలు ముదిరాక క్రాసింగ్ పెట్టుకోవద్దు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పూత రాలిపోతుంది, మిరపకీ అదే బాధ. అలాంటప్పుడు మొక్కకి బలం చాలట్లేదనుకుని ఎరువు పోయడం చాలామంది చేసే పని. వేడికి రాలే పూతని ఎరువు ఆపదు, నీడ, నీళ్లు కావాలి.

తల్లిగా, తండ్రిగా ఏ మొక్కల్ని తీసుకుంటున్నారో చూసుకోండి. ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్ (అంటే రెండు రకాలు కలిపి చేసిన మొదటి తరం) అని ఉంటే ఆ మొక్క గింజలు ఒకేలా రావు, దాన్ని ఇంకోదానితో కలిపితే ఏ గుణం ఎక్కడి నుంచి వచ్చిందో మీకే అర్థం కాదు. ఏటా ఒకేలా వచ్చే నాటు రకాలైతే లెక్క తేలిగ్గా ఉంటుంది.

ఇక పువ్వు దగ్గరికి. టమాటాలో పసుపు రంగు పుప్పొడి తిత్తులు ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలా ఉంటాయి, ఆడ భాగం సన్నటి పుల్లలా ఆ గొట్టం లోపల ఉంటుంది. రేకులు లేత పసుపు తిరిగి ఇంకా విచ్చుకోని మొగ్గ తీసుకుని, సన్నటి ట్వీజర్ కొనని గొట్టం పక్క నుంచి దూర్చి, మధ్యలోని పుల్లకి తగలకుండా మెల్లగా పైకి లాగాలి, ముక్కలుగా వచ్చినా ఫర్వాలేదు గానీ ఒక్క ముక్క కూడా మిగలకూడదు. మిరపలో తిత్తులు విడివిడిగా ఉంటాయి, చాలా రకాల్లో కాస్త నీలం, ఊదా రంగులో కనిపిస్తాయి, మర్నాడు విచ్చుకోబోయే తెల్ల మొగ్గని సాయంత్రం విప్పి ఒక్కొక్కటీ తుంచేయాలి. తీసేటప్పుడు తిత్తి మీద పొడి కనిపించిందంటే ఆ మొగ్గ వదిలేయండి, సొంత పుప్పొడి అప్పటికే తగిలేసి ఉంటుంది. మర్నాడు పొద్దున్నే తండ్రి పువ్వు పుప్పొడి తెచ్చి ఆ పుల్ల కొనకి అద్ది, వెంటనే పల్చటి గుడ్డ సంచో కొంచెం దూదో కప్పాలి, ముఖ్యంగా మిరపకి, ఎందుకంటే తేనెటీగలు దాన్ని బాగా కలిపేస్తాయి.

తండ్రి మొక్క మారిన ప్రతిసారీ ట్వీజర్ని స్పిరిట్‌తో తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి, తడి స్పిరిట్ కొత్త పుప్పొడిని కూడా చంపేస్తుంది. పొగాకు ముట్టుకున్న చేతులతో మొక్కల దగ్గరికి అస్సలు రావద్దు, పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ చేతుల ద్వారానే టమాటాకీ మిరపకీ అంటుకుంటుంది, అంటుకున్నాక మందు లేదు. సబ్బుతో కడుక్కోండి. ట్యాగ్ మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, తేదీ, అదీ పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను రాత ఎండకి వెలిసిపోతుంది. టమాటాలో పువ్వు కింది పచ్చ రేకుల్లో రెండు కత్తిరించి పెడితే ట్యాగ్ ఊడినా కాయని గుర్తుపట్టొచ్చు. క్రాస్ కాయ పట్టిన కొమ్మకి మిగతా పిందెలు తీసేయండి, బలం దానికే వెళ్లనివ్వండి.

ఇప్పుడు ఎరువులు. కుండీలో మట్టి కొంచెమే, ఎరువులోని ఉప్పు పేరుకుంటే దానంతటది పోదు. 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లాంటి నీళ్లలో కరిగే ఎరువు లీటరుకి ఒక గ్రాముతో మొదలుపెట్టండి, స్కేలు లేకుండా చెంచాలతో కొలవొద్దు. యూరియా మరీ జాగ్రత్త, అందులో 46 శాతం నత్రజని, ఎక్కువైతే వేర్లు మాడతాయి, ఆకు గుబురుగా వస్తుంది గానీ పూత రాదు. ఎండిపోయిన మట్టిలో ఎరువు నీళ్లు ఎప్పుడూ పోయొద్దు, ముందు మామూలు నీళ్లు పోసి తడిపాకే. మట్టి పైన తెల్లటి పొర, ఆకు అంచులు కాలినట్టు ఎండటం కనిపిస్తే ఎరువు ఆపి, కింది చిల్లుల్లోంచి బాగా కారేదాకా మామూలు నీళ్లు పోయండి.

ఆకు పసుపు కనిపించగానే ఏదో ఒకటి పోసే ముందు ఎక్కడి ఆకో చూడండి. కింది ముదురు ఆకు మొత్తం పసుపైతే నత్రజని లోటు కావచ్చు, ముదురు ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపైతే మెగ్నీషియం, చిగురాకులోనే అలా ఉంటే ఇనుము. ఇనుము లోటు చాలాసార్లు మట్టిలో ఇనుము లేక కాదు, పీహెచ్ (మట్టి ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) ఎక్కువై మొక్క తీసుకోలేక వస్తుంది, 6 నుంచి 6.8 మధ్య ఉంటే మంచిది. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లితే కాల్షియం అంటారు, నిజమే, కానీ దానికి ఎక్కువగా కారణం ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచేయడమే, సున్నం పోసేముందు నీళ్లు సరిచేయండి. కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ చిక్కగా ఒకే డబ్బాలో కలపొద్దు, అడుగున తెల్లగా పేరుకుని రెండూ వృథా. బోరాన్ అనే పోషకానికి చాలింది, ఎక్కువైంది మధ్య తేడా చాలా తక్కువ, దాన్ని అంచనాతో వేయొద్దు. పీహెచ్ దించడానికి యాసిడ్ వాడేవాళ్లు గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలో యాసిడ్ కలపండి, యాసిడ్‌లో నీళ్లు పోస్తే చిమ్ముతుంది. కలిపిన ద్రావణం కూల్‌డ్రింక్ సీసాల్లో పెట్టొద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

గింజ తీసేటప్పుడు కారం మిరప అయితే గ్లవ్స్ తప్పనిసరి, ఆ చేత్తో కన్ను నలిపితే గంటల తరబడి మంట. గింజలు నీడలోనే ఆరబెట్టండి. క్రాస్ చేసిన కాయ పండేటప్పుడు తల్లి మొక్క కాయలాగే ఉంటుంది, కలవలేదని పారేయొద్దు, తేడా ఆ గింజ మొలిచిన మొక్కలోనే. తీపి క్యాప్సికమ్‌ని ఘాటు మిరపతో కలిపితే మొదటి తరం అంతా ఘాటుగానే వస్తుంది. ఆ మొక్కల గింజ మళ్లీ విత్తితే సుమారుగా నాలుగో వంతు ఘాటు లేకుండా రావచ్చు, మిగతావి కూడా రూపంలో క్యాప్సికమ్‌లాగే కనిపించొచ్చు, అందుకే ఆ తరం కాయ ఏదైనా సరే ముందు కొన మాత్రం నాలుకకి తాకించి చూడండి, పిల్లల చేతికి ఇవ్వకండి.