కొనేముందు ల్యాప్‌టాప్ అడుగు మూత చూడండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే మనమందరం సీటీసీ అని పిలిచే భవనంలో, పాడైన ల్యాప్‌టాప్‌ను కౌంటర్ మీద పెట్టగానే మెకానిక్ చేసే మొదటి పని దాన్ని బోర్లా తిప్పడం. మనం చెప్పే కథ ఆయన తర్వాత వింటారు. ముందు స్క్రూలు ఎన్ని ఉన్నాయో, వాటిని అంతకుముందు ఎవరైనా కెలికారో, స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఏమిటో చూస్తారు. ఇది బాగవుతుందా, ఎంతవుతుంది అనే రెండు ప్రశ్నలకూ సగం జవాబు ఆయనకు అక్కడే దొరుకుతుంది. అదే పరిశీలన డబ్బు కట్టకముందు మనమే చేసుకోవచ్చు. ఎలా చేయాలో, ఆ తర్వాత రిపేరు అవసరం వచ్చినప్పుడు ఎలా మసలుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ఒక భాగం పక్క భాగానికి దేనితో అతుక్కుని ఉందన్నదే మొదటి ప్రశ్న. స్క్రూతో బిగించినదాన్ని విప్పవచ్చు. క్లిప్పులతో పట్టి ఉన్నదాన్ని ఓపికగా ఊడదీయవచ్చు. జిగురుతో అతికించినది వేడి చేస్తే గాని రాదు, వచ్చేటప్పుడు పక్కవాటిని గాయపరచవచ్చు. సోల్డర్ చేసినదాన్ని, అంటే లోహాన్ని కరిగించి బోర్డుకు అతికించినదాన్ని, మార్చాలంటే హాట్ ఎయిర్ మెషీను, మైక్రోస్కోపు, చేయి తిరిగిన మనిషి కావాలి. వీటన్నిటి పైన సాఫ్ట్‌వేర్ తాళం ఒకటుంది: అసలైన విడిభాగమే వేసినా, దాని సీరియల్ నంబరు బోర్డుకు పరిచయం లేకపోతే హెచ్చరిక చూపించడమో, ఏదో ఒక సదుపాయాన్ని ఆపేయడమో జరుగుతుంది. పరికరంలో ఎక్కువ భాగాలు ఈ వరుసలో మొదటి రెండు మెట్ల మీదే ఉంటే నిశ్చింతగా కొనవచ్చు.

ర్యామ్‌తో, అంటే పని నడిచేటప్పుడు యంత్రం వాడుకునే తాత్కాలిక మెమరీతో, మొదలుపెట్టండి. స్పెసిఫికేషన్లలో డీడీఆర్4 లేదా డీడీఆర్5 పక్కన ఎస్‌ఓడిమ్ అని ఉంటే అది స్లాట్‌లో కూర్చునే ముక్క, రేపు పెద్దది వేసుకోవచ్చు. ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే దాదాపు ఎప్పుడూ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. యాపిల్ 2020లో తెచ్చిన ఎం1 నుంచి, ఇంటెల్ 2024లో తెచ్చిన కోర్ అల్ట్రా 200వీ వరుసలోనూ, ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఇమిడిపోయింది కాబట్టి అక్కడ మార్చడమన్న మాటే లేదు. దీన్ని పూర్తిగా కంపెనీల కుట్రగా చూడనక్కరలేదు, ఎల్‌పీడీడీఆర్ కరెంటు తక్కువ తాగుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. అదే ఎల్‌పీడీడీఆర్‌ను స్క్రూలతో బిగించే ఎల్‌పీక్యామ్2 అనే పద్ధతి కూడా వచ్చింది, 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరంలో వాడారు. అయితే బజారులో కనిపించే సాధారణ యంత్రాల్లో అది ఇంకా అరుదు. అందుచేత సోల్డర్ చేసిన ర్యామ్ ఉన్నదాన్ని కొంటున్నట్లయితే ఈనాటి అవసరానికి ఒక మెట్టు పైన కొనండి, 8 జీబీ చాలనిపిస్తే 16 తీసుకోండి.

షోరూములోని అబ్బాయిని అడిగితే "అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు సార్" అనే జవాబు అన్ని మోడళ్లకూ ఒకేలా వస్తుంది. అతని మీద ఆధారపడకుండా తయారీదారు సైటులోనే చూడటం మేలు. లెనోవో వారి పీఎస్‌ఆర్‌ఈఎఫ్ పేజీల్లో ర్యామ్ సోల్డర్ చేసి ఉందా, స్లాట్లు ఎన్ని అన్నది మోడల్‌వారీగా రాసి ఉంటుంది. లెనోవో, డెల్, హెచ్‌పీ మూడూ తమ మోడళ్లకు విడదీసే పద్ధతిని బొమ్మలతో చూపే సర్వీస్ మాన్యువళ్లను ఉచితంగా పెడుతున్నాయి. దాన్ని దించుకుని బ్యాటరీ తీసే అధ్యాయం ఒక్కటి చదవండి: మూత, కనెక్టర్, నాలుగైదు స్క్రూలతో పని ముగిస్తే మంచిది. బ్యాటరీకి చేరడానికి ముందు మదర్‌బోర్డు, ఫ్యాను, స్పీకర్లు అన్నీ తీయమంటే ఆ యంత్రం భవిష్యత్తులో మీ జేబు మీద ఎంత పడుతుందో అర్థమవుతుంది.

డేటాను దాచే ఎస్‌ఎస్‌డీ విషయంలో ప్రశ్న రెండింతలు ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఉండేది మన ఫొటోలూ కాగితాలూ. ఎం.2 స్లాట్‌లో కూర్చునే ఎస్‌ఎస్‌డీ 22 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న పట్టీ, ఒకే ఒక స్క్రూతో ఉంటుంది. 2280 అంటే 80 మిల్లీమీటర్ల పొడవు, 2242 అంటే 42 అన్నమాట. బోర్డు కాలిపోయినా ఈ పట్టీని తీసి యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ అనే చిన్న డబ్బాలో పెట్టి మరో కంప్యూటర్‌లో చదవవచ్చు. స్టోరేజీ కూడా బోర్డుకే సోల్డర్ చేసిన యంత్రాల్లో బోర్డు పోతే డేటా దాదాపు దానితోనే పోతుంది, కాబట్టి అవి కొనేవారు బ్యాకప్ హార్డ్ డిస్కును కూడా అదే బిల్లులో చేర్చుకోవడం న్యాయం.

పోర్టులు, కీబోర్డు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఛార్జింగ్ పోర్టు వేరే చిన్న బోర్డు మీద ఉంటే చవకగా మారుతుంది, మదర్‌బోర్డుకే సోల్డర్ చేస్తే ఖర్చు పెరుగుతుంది. కీబోర్డును పై చట్రానికి ప్లాస్టిక్ రివెట్లతో కరిగించి అతికిస్తే, ఒక మీట పనిచేయకపోయినా చట్రమంతా మార్చవలసి వస్తుంది. మూతను కింది చట్రానికి కలిపే హింజ్ విషయం మాత్రం కాస్త వివరంగా చూడాలి. చవక యంత్రాల్లో హింజ్ స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లలోకి. మూతను ఒక మూల పట్టుకుని రోజూ ఎత్తితే ఆ నట్టు చుట్టూ ప్లాస్టిక్ పగిలి, ఒకనాడు మూత తెరవగానే కింది చట్రం అంచు నోరు తెరుస్తుంది. షోరూములో మూతను రెండు చేతులతో తెరిచి మూసి చూడండి. మరీ బిగుతుగా ఉండి కింది చట్రం ఎత్తుకొస్తుంటే అది కొంతకాలానికి వచ్చే రిపేరుకు సూచన.

ఇప్పుడు బ్యాటరీ. ఏ ల్యాప్‌టాప్‌లోనైనా కాలంతోపాటు తప్పక అరిగే భాగం ఇదే. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, బ్యాటరీరిపోర్ట్ అని (powercfg /batteryreport) టైపు చేస్తే ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ 50,000 మిల్లీవాట్ అవర్లు, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 31,000 అని ఉంటే మీ బ్యాటరీలో మిగిలిన సత్తువ 62 శాతం. టచ్‌ప్యాడ్ నొక్కితే గట్టిగా ఉన్నా, మూత సరిగ్గా మూసుకోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. వెంటనే ఛార్జింగ్ ఆపండి. దాన్ని ఇంట్లో మార్చే ప్రయత్నం చేయకండి, ఉబ్బిన లిథియం బ్యాటరీకి గీత పడితే మంటలు రేగవచ్చు.

ఉబ్బని బ్యాటరీని, స్క్రూలతో బిగించినదైతే, ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఛార్జర్ తీసి యంత్రాన్ని ఆపాలి; థింక్‌ప్యాడ్ వంటివాటిలో ఆపేముందు బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లి లోపలి బ్యాటరీని డిసేబుల్ చేయాలి. మంచి స్క్రూడ్రైవర్ల సెట్టు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఒక కాగితం మీద అడుగు మూత బొమ్మ గీసి, విప్పిన ప్రతి స్క్రూను దాని స్థానంలోనే గుచ్చండి, వాటి పొడవులు ఒకటి కావు, పొడవుది పొట్టి చోట బిగిస్తే మదర్‌బోర్డుకు తగులుతుంది. నేను మొదటిసారి నా యంత్రం విప్పినప్పుడు కనిపించిన తొమ్మిది స్క్రూలూ తీసి మూతను గుంజాను. పదోది వెనక రబ్బరు కాలి కింద దాక్కుని ఉంది. టప్‌మని శబ్దం వచ్చి మూల విరిగింది, ఆ మూలకు నేటికీ టేపే దిక్కు. మూత రాకపోతే బలం పెంచకుండా, మాన్యువల్‌లో మరో స్క్రూ కోసం వెతకండి. అన్నీ తీశాకే పాత ప్లాస్టిక్ కార్డును అంచులోకి దూర్చి ఒక్కో క్లిప్పునూ వదిలించాలి. లోపల చేయి పెట్టగానే ముందుగా బ్యాటరీ కనెక్టర్ తీయాలి, తక్కినవన్నీ ఆ తర్వాతే. ఎలాగూ విప్పారు కాబట్టి, మన ఊరి దుమ్ముకు ఫ్యాను రెక్కల మీద పేరుకున్న బూజును మెత్తని బ్రష్‌తో తుడిచేయండి.

టాబ్లెట్ల దగ్గరికి వచ్చేసరికి ఈ ధైర్యం నేను చెప్పలేను. చాలా టాబ్లెట్లలో స్క్రూలు బయట ఉండవు. ముందు గ్లాసును అంచుల వెంట వేడి చేసి, జిగురు మెత్తబడ్డాక పిక్ అనే పలచని రేకు దూర్చి ఎత్తాలి. లోపల బ్యాటరీ కూడా జిగురు మీదే ఉంటుంది. బ్యాటరీ కోసం విప్పితే డిస్‌ప్లే పగిలే ప్రమాదం ఎప్పుడూ ఉంది, అందుకే కొన్ని కంపెనీలు టాబ్లెట్ బ్యాటరీ మార్చమంటే పరికరాన్నే మార్చి ఇస్తాయి. కొనేటప్పుడు గ్లాసూ డిస్‌ప్లే ఒకే పలకగా అతికి ఉన్నాయా, విడిగా ఉన్నాయా అని అడగండి. విడిగా ఉంటే పగిలిన గ్లాసు ఒక్కటే మార్చుకోవచ్చు. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ యాక్టివ్ వరుసలో వెనక మూత తీసి బ్యాటరీ మార్చుకునే ఏర్పాటు ఉంది. పల్చదనం కాస్త తగ్గినా, ఫ్యాక్టరీల్లో, ఫీల్డు పనుల్లో వాడేవారికి నా ఓటు దానికే.

మన దేశంలో పెట్టె మీద రిపేరు మార్కులు వేసే అలవాటు లేదు గనక పరాయి దేశాల లేబుళ్లను వాడుకోవచ్చు. ఫ్రాన్స్ 2021 జనవరి 1 నుంచి ల్యాప్‌టాప్‌లకు పదికి ఇన్ని అని మార్కులు చూపడం తప్పనిసరి చేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి టాబ్లెట్ల లేబుల్ మీద రిపేరు వీలుకు ఇంగ్లిషు ‘ఏ’ నుంచి ‘ఈ’ వరకు ఒక అక్షరం ఉంటుంది. మీరు కొనబోయే మోడల్ అక్కడా అమ్ముతుంటే ఆ అంకె, ఆ అక్షరం వెతికి చూడండి. రిపేరు గైడ్లు రాసే ఐఫిక్సిట్ సంస్థ వారు విప్పి చూసి ఇచ్చే మార్కులు కూడా పనికొస్తాయి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది, పలు కంపెనీల సర్వీస్, వారంటీ వివరాలు అందులో ఒకచోట దొరుకుతాయి.

ఇక షాపుకు వెళ్లే రోజు. వారంటీ ఉంటే ముందు సర్వీస్ సెంటరుకే వెళ్లండి. అది ముగిశాక మాత్రం రెండో అభిప్రాయం తీసుకోకుండా బోర్డు మార్పుకు ఒప్పుకోకండి. మా ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కకపోతే సర్వీస్ సెంటర్ వారు బోర్డు మార్చాలంటూ కొత్తదాని ధరలో సగానికి పైగా అంచనా ఇచ్చారు. సీటీసీలో చిప్ లెవెల్ పనిచేసే ఒకాయన మీటరు పెట్టి, మైక్రోస్కోపు కింద చూసి, ఛార్జింగ్ ఐసీ అనే చిన్న చిప్పు ఒక్కటి మార్చి సరిచేశారు. సర్వీస్ సెంటర్లు సాధారణంగా బోర్డు స్థాయిలోనే ఆలోచిస్తాయి, ఐసీ స్థాయిలో వెతకడం ఈ చిన్న కౌంటర్ల విద్య.

ఇచ్చేముందు డేటా బ్యాకప్ చేయండి. విండోస్‌లో డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి, బోర్డు మారితే యంత్రం ఆ కీ అడుగుతుంది, అది లేకపోతే డేటా మీ కళ్లముందే తాళం వేసి ఉంటుంది. జాబ్ షీటు మీద మోడల్, సీరియల్ నంబరు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎంతో రాయించండి. వేయబోయేది ఒరిజినలా, కంపాటబులా అన్నది బిల్లులో ఉండాలి, పాత భాగాన్ని తిరిగి అడిగి తీసుకోండి. మాట తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, బిల్లు చేతిలో ఉంటేనే ఆ ఫోనుకు బలం.

పాత బ్యాటరీ మీ చేతికి వస్తే దాన్ని చెత్తబండిలో వేయకండి, లారీలో నలిగితే అక్కడే అంటుకోవచ్చు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి తీసుకోవలసిన బాధ్యత తయారీదారులది. అప్పగించేవరకు కనెక్టర్ కొసలకు టేపు చుట్టి, ఎండ తగలని చోట, మండే వస్తువులకు దూరంగా ఒక ఇనుప డబ్బాలో ఉంచండి.